లావు నూలు

గురువులు రేపొస్తానన్నాడు.
గురువుల రేపులు పదకొండు గడిచేయి.
మేడ మీద నల్ల ట్యాంకు కింద
ఇత్తడి వాల్వు మెడ దగ్గర
బొట్టు ఊరి, సాగి, కాసేపు ఆలోచించి
తెగి పడతంది,
నా కదురు మీద పోగు తెగినట్టే.

కింద సత్తు గిన్నె పెట్టి లెక్కేసేను.
తెల్లారి నుంచి దీపాలేళకి మూడు బిందెలు.
మా వీధి కుళాయికి రోజు విడిచి రోజు ప్రాణమొస్తాది.
మూడు బిందెలంటే మాటలా?
పక్కింటి వరహాలమ్మ గోడకి నాచు పట్టింది.
ఆవిడేమీ అనలేదు.
గోడ వేపు చూసి, నా వేపు చూసి
లోపలికెళ్లిపోయింది. అది చాలు.

ఇవేళ రాట్నానికి సెలవు.
ఏకులూ, పత్తి దువ్వే వాలుగచేప దవడా
గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేను.
కుచ్చిళ్లు బొడ్లో దోపి
సైకిల్ షాపు సన్యాసిని పైపు పానా అడిగేను.
"నీకెందుకప్పా?" అన్నాడు.
"నీ పళ్లు పీకడానికి" అన్నాను. ఇచ్చేడు.

ట్యాంకులోకి భుజం దాకా చెయ్యి పెట్టేను.
పైన నీళ్లు వెచ్చన, అడుగున
పొందూరులో ఏ వేసవీ తాకనంత చల్లన.
పాత లంగా గుడ్డ ఉండ చేసి కన్నంలో కుక్కితే
నీళ్లే దాన్ని గట్టిగా అదిమి పట్టేయి.
కింద గొట్టం విప్పి, వాల్వుకి పానా వేసి
ఎడమకి తిప్పితే కదల్లేదు.
తిట్టేను. కదల్లేదు.
ఈనబోయే ఆవుతో మాటాడినట్టు మాటాడేను,
కొంచెం కదిలింది.

మర మీద పాత చుట్టు
ఎండిన జలగలాగ నల్లగా ఉంది.
గోరుతో గీకి, కొబ్బరిపీచుతో తోమి, ఉఫ్ మని ఊదితే
ఇత్తడి మెట్లు మెరిసేయి,
చుట్టూ చుట్టూ దిగే సన్నం మెట్లు.

గురువులైతే తెల్ల టేపు చుడతాడు.
మంగళవారం, సామాన్ల కొట్టు తియ్యడు.
నాకు టేపెందుకు, ఇంటినిండా నూలే.
వంద నంబరు నూలు,
గాలిలో పెడితే గాలయిపోతాది.
చుట్టి బిగిస్తే మెట్టు అంచుకి తెగింది.
మళ్లీ చుట్టేను. మళ్లీ తెగింది.
ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి
వేళ్ల మధ్య పట్టి ఆహా అన్న నూలు
ఒక్క బొట్టుని ఆపలేకపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది బిస్కట్ల డబ్బా.
తోటికోడలి కూతురు ఝాన్సీ
పోయిన వేసవిలో నా పక్కన కూకుని
వడికిన మొదటి నూలు.
ఒకచోట వానపాము, ఒకచోట వెంట్రుక, మధ్యలో ముడి.
"ఇది నూలా, మోకా?" అన్నాను అప్పుడు.
ఆ మాట తర్వాత గుంట రాట్నం ముట్టలేదు.
పారేద్దామనే తీసేను. డబ్బాలో పెట్టేను.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

తలుపులకేసిన నీలం రంగు అడుగున మిగిలితే
అందులో ముంచి ఆ మోకు చుట్టేను.
వాల్వు బిగిస్తుంటే చుట్టు ఊడి
మేకపోతు గడ్డంలాగ వేలాడింది.
తిరగేసి చుట్టేను!
నలభయ్యేళ్లు వడికినదాన్ని, వాటం తప్పేను.
మేడ మీద ఎవరూ లేరు గదా,
గట్టిగానే నవ్వేను.
బిగించే వేపుకే చుట్టు పోవాల,
కదురు రోజూ చెప్పే మాటే.

గొట్టం తగిలించి, లోపలి గుడ్డ పీకితే
నీళ్లు గుడగుడమని దిగేయి.
వేలు పెట్టి చూసేను, తడి.
అది నా చేతి తడి.
తుడుచుకుని మళ్లీ పెట్టేను.
చీకటి పడ్డాక ఒక బొట్టొచ్చింది.
రెండోదాని కోసం కూకున్నాను,
దోమలొచ్చేయి, అది రాలేదు.

రాత్రి ఝాన్సీకి ఫోను చేసేను.
"నీ నూలు ఇంకేమైనా ఉందేటే?" అన్నాను.
"ఎందుకు పెద్దమ్మా, మళ్లీ నవ్వడానికా?"
వాల్వు సంగతంతా చెప్పేను,
నా నూలు తెగిన సంగతి కూడా.
అవతల చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత అంది:
"నీలం రంగేటి? ఎర్రది దొరకలేదా?"